పాఠం వెళ్లే దారి, జవాబు తిరిగొచ్చే దారి

సంక్షిప్తంగా: టీవీ, ఉపగ్రహం, ల్యాప్‌టాప్, వీడియో... యాభై ఏళ్లుగా బడిలోకి వచ్చిన సాధనాలన్నీ పాఠాన్ని పిల్లల దాకా మోసుకొచ్చాయి. పిల్లలకు ఏం అర్థమైందో టీచర్‌కు తెలియజెప్పే పని మాత్రం చాలావరకు మిగిలిపోయింది. కృత్రిమ మేధ (ఏఐ)తో ఆ పని మొదటిసారి తక్కువ ఖర్చులో సాధ్యమయ్యేలా ఉంది. అందిన సమాచారంతో కదిలే మనిషి బడిలో ఉన్నారా, ఉత్తర తెలంగాణ పిల్లల మాట యంత్రానికి అర్థమవుతుందా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

52 లోంచి 27 తీస్తే 35 ఎందుకొచ్చింది?

నాలుగో తరగతి పిల్ల నోట్‌బుక్కులో 52 లోంచి 27 తీసేసి 35 అని రాసిందనుకుందాం. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి పక్కన 25 అని రాయడం ఒక పద్ధతి. ఆ 35 ఎక్కడి నుంచి వచ్చిందో చూడడం ఇంకో పద్ధతి. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు. అందుకని పిల్ల 7 లోంచి 2 తీసేసింది, 5 వచ్చింది. పదుల స్థానంలో 5 లోంచి 2 తీస్తే 3. ఆ పిల్లకు తీసివేత రాదని అనలేం. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న నియమాన్ని ఒక్కో స్థానానికీ విడివిడిగా వాడుతోంది. 60 లోంచి 24 తీయమంటే 44 అంటుంది. 71 లోంచి 38 తీయమంటే 47 అంటుంది. లెక్క మారినా తప్పు మారదు, ఎందుకంటే దాని వెనకున్న ఆలోచన మారలేదు.

ఇలాంటి తప్పు పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, తీరిక కావాలి. ముప్పై నోట్‌బుక్కులు, నలభై నిమిషాల పీరియడ్, మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్కలు, పై ఆఫీసు అడిగిన ఆన్‌లైన్ ఎంట్రీలు. టీచర్ ఒక్కరే ఉన్న బడిలో అయితే ఒకే గదిలో ఐదు తరగతులు. ఆ హడావుడిలో 35 వెనక ఏముందో చూసే వీలు దొరకదు. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లకు ‘లెక్కలు రావు’ అన్న పేరు స్థిరపడిపోతుంది.

బడిలో చదువు రెండు దారుల్లో నడుస్తుంది. పాఠం పిల్లల దగ్గరికి వెళ్లేది ఒక దారి. పిల్లలకు ఎంత ఎక్కిందో, ఎక్కడ ఆగిపోయారో తిరిగి టీచర్‌కు తెలిసేది రెండో దారి. కృత్రిమ మేధ మీద ఇప్పుడు నడుస్తున్న చర్చంతా టీచర్ల ఉద్యోగాలు పోతాయా, పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతారా అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. అవీ అడగాల్సిన ప్రశ్నలే. అయితే ఒక సాధనం ఈ రెండు దారుల్లో దేన్ని బాగు చేస్తోందో ముందు విడదీసి చూస్తే, గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

వరంగల్‌లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. దేశంలో తొలి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అంటే నేటి ఎన్‌ఐటీ, 1959లో ఇక్కడే పుట్టింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా అదే ఏడు మొదలైంది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో యునెస్కో అభ్యసన నగరాల అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో వరంగల్‌కు చోటు దక్కింది. అదే వరంగల్ నుంచి రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తే తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని గూడేలు వస్తాయి. అక్కడ ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల బడిలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ కొత్తగా నేర్చుకుంటోంది. కొత్త సాంకేతికత అంటే ఈ రెండు చోట్లా ఒకే అర్థం ఉండదు.

యాభై ఏళ్లుగా ఒకవైపే ప్రయాణం

సాంకేతికతతో చదువు మారిపోతుందన్న మాట కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ‘సైట్’ పేరుతో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు చేర్చారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరందరికీ ఒకే టీవీ, అందరూ దాని ముందు కూర్చుని చూడడమే. 2004 సెప్టెంబర్‌లో విద్య కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్ ఉపగ్రహం పైకి వెళ్లింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం టీ-శాట్ పేరుతో నిపుణ, విద్య చానళ్లు తెచ్చింది. ఒక్కో అడుగుకూ పాఠం నాణ్యత పెరిగింది, చేరే దూరం పెరిగింది. చూస్తున్న పిల్ల ముఖం మాత్రం పాఠం చెప్పేవారికి కనపడలేదు.

ఈ లోటును కొందరు ముందే గుర్తించారు. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు పంపి, ఆకాశవాణిలో పాఠాలు వినిపించి ఊరుకోలేదు. స్టడీ సెంటర్లలో కౌన్సెలింగ్ తరగతులు పెట్టింది. ఉద్యోగం చేసుకుంటూ, సంసారం నడుపుకుంటూ డిగ్రీ చదివిన వాళ్లకు సందేహం అడగడానికి ఎదురుగా ఒక మనిషి దొరికింది ఆ తరగతుల్లోనే.

బాసర అనుభవం ఇంకా దగ్గరిది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు ప్రాంగణాలతో మొదలైంది. అందులో ఒకటి బాసర, అందరి నోటా ‘ట్రిపుల్ ఐటీ’. పదో తరగతి పూర్తయిన గ్రామీణ పిల్లలకు ఆరేళ్ల చదువు, ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్. తొలి చాన్స్‌లర్ కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డి. మొదటి సంవత్సరాల్లో రికార్డు చేసిన పాఠాలు తరగతి గదిలో తెర మీద నడిచేవి, పిల్లల పక్కన మెంటర్లు ఉండేవారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ వీడియో ముందు కూర్చున్నప్పుడు, ఆపి మళ్లీ చెప్పేది పక్కనున్న ఆ మనిషే. పరికరం మీద పెట్టిన ఖర్చు అందరికీ కనపడుతుంది. మెంటర్ విలువ మాత్రం ఆ మెంటర్ లేని రోజునే తెలుస్తుంది.

ఇక కరోనా కాలం. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు నడిచాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ దాకా, దాదాపు ఏడాదిన్నర, బడి గడప తొక్కలేదు. ఆ రోజుల్లో టీవీ పాఠం లేకపోతే పరిస్థితి ఇంకా దిగజారేది, ఆ మేరకు అది మేలే చేసింది. కానీ పాఠం ‘ప్రసారమైంది’ అన్న లెక్క ఉండేది, ‘అర్థమైంది’ అన్న లెక్క ఉండేది కాదు. బడులు తెరిచాక మూడో తరగతిలో కూర్చున్న పిల్లల్లో ఒకటో తరగతి గదినే సరిగ్గా చూడని వాళ్లు ఉన్నారు. 2022లో ప్రాథమిక తరగతుల కోసం చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు మొదటి నుంచి పట్టించుకునే ‘తొలిమెట్టు’ కార్యక్రమం తేవాల్సి వచ్చిందీ అందుకే.

పెరూలో తేలిపోయింది, ఢిల్లీలో నిలబడింది

పరికరం ఇస్తే చదువు వస్తుందా అన్న ప్రశ్నను దక్షిణ అమెరికాలోని పెరూ భారీ స్థాయిలో పరీక్షించింది. ‘పిల్లకో ల్యాప్‌టాప్’ కార్యక్రమం కింద అక్కడ 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. పిల్లలు కంప్యూటర్ వాడడం నేర్చుకున్నారు. గణితంలో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదు.

ఢిల్లీలో వేరే ఫలితం వచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన ఈ అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయిపోయాక పిల్లలు ఒక కేంద్రానికి వచ్చేవారు. 45 నిమిషాలు ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్ మీద పని, మరో 45 నిమిషాలు పదిహేను మందికి మించని గుంపులో ఒక సహాయకుడితో చదువు. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనిపించింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, వంద మందిలో 50వ స్థానంలో ఉన్న పిల్ల గణితంలో సుమారు 36వ స్థానానికి చేరినట్టు. అంత తక్కువ వ్యవధికి ఇది చిన్న మార్పు కాదు.

తేడా ఎక్కడుంది? పెరూ ల్యాప్‌టాప్ పిల్ల స్థాయి ఏమిటో అడగలేదు. ఢిల్లీ సాఫ్ట్‌వేర్ ముందు పరీక్ష పెట్టి స్థాయి కనుక్కుంది. అక్కడి 6వ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని ఆ అధ్యయనంలోనే తేలింది. అలాంటి పిల్లకు 6వ తరగతి పాఠం ఎంత అందంగా యానిమేషన్ చేసి చూపించినా ఎక్కదు. సాఫ్ట్‌వేర్ ఆ పిల్లను మూడో తరగతి లెక్క దగ్గరికి తీసుకెళ్లింది. పక్కన కూర్చున్న వాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి పిల్లకు సిగ్గూ లేదు.

యంత్రం చేసే పని ఇక్కడ చాలా సాదాది. పిల్ల 52 లోంచి 27 తీసి 35 అంటే, అదే ఆలోచన ఉంటే వచ్చే తప్పు జవాబు ముందే తెలిసిన ఇంకో లెక్క ఇస్తుంది. 44 అనగానే అనుమానం బలపడుతుంది. మూడోసారి 47 వస్తే తప్పు రకం ఖాయమవుతుంది. అప్పుడు పదుల కట్ట విప్పే బొమ్మ చూపిస్తుంది. ఓపికున్న టీచర్ పది పుల్లల కట్టకు రబ్బరు బ్యాండు తీసి, ఒకట్లలో కలిపి చూపించేదీ ఇదే పద్ధతిలో. ఆ ఓపికను ముప్పై మందికి ఒకేసారి పంచగలగడమే యంత్రం బలం.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో 3, 4, 5 తరగతుల పిల్లలకు ఏఐ సాయంతో భాష, గణితం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. అది విస్తరించే కొద్దీ అడగాల్సింది ఎన్ని కంప్యూటర్లు పెట్టారని మాత్రమే కాదు. ఢిల్లీలో సగం సమయం మనిషిది. ఇక్కడ ఆ సగం ఎవరిది? తెర మీద ‘ఈ పదకొండు మందికి స్థానవిలువ అర్థం కాలేదు’ అని వచ్చిన మర్నాడు ఆ పదకొండు మందినీ విడిగా కూర్చోబెట్టుకునే పీరియడ్ టైంటేబుల్లో ఉందా? లేకపోతే జవాబు తిరిగొచ్చినా అందుకునేవారు లేనట్టే.

యంత్రానికి ఏ తెలుగు వినిపిస్తుంది?

చిన్న తరగతుల్లో అన్నింటికంటే పెద్ద మార్పు గొంతుతో రావచ్చు. పిల్ల గట్టిగా చదువుతుంటే విని, ఎక్కడ తడబడిందో చెప్పే సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో తెచ్చిన యాప్ తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మారింది, తెలుగులోనూ పనిచేస్తుంది. ఒక్కో పిల్లతో రోజూ చదివించి వినడం టీచర్‌కు అయ్యే పని కాదు కనుక దీని ఉపయోగం నిజమైనదే.

చిక్కంతా వినడంలోనే ఉంది. పుస్తకంలో ‘రాము చెట్టు కింద ఆడుకుంటున్నాడు’ అని ఉంది. నర్సంపేట దగ్గరి పల్లెలో పిల్ల దాన్ని చూసి ‘రాము చెట్టు కింద ఆడుకుంటుండు’ అని చదివింది. యంత్రం చివరి మాట దగ్గర ఎర్ర గీత పెడుతుంది. నిజానికి పిల్ల వాక్యం చదివి, అర్థం చేసుకొని, తన ఇంటి మాటలోకి మార్చుకొని చెప్పింది. అక్షరాలు కూడబలుక్కుంటూ ‘ఆ-డు-కుం-టు-న్నా-డు’ అన్న పిల్ల కంటే ఈ పిల్లే చదవడంలో ముందుంది. ఊరి టీచర్‌కు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. యంత్రానికి తెలియాలంటే దాని శిక్షణలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లల గొంతులు ఉండాలి. ‘గిట్ల’, ‘గట్ల’ అనే పిల్లకు రోజుకు పదిసార్లు తప్పు అని చూపిస్తే, ఆ పిల్ల నేర్చుకునేది చదవడం కాదు, నోరు మూసుకోవడం.

రాత విషయంలోనూ తెలుగుకు ఒక అదనపు భారం ఉంది. కంప్యూటర్ లోపల ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే, సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికో గుర్తుకో మూడు బైట్లు కావాలి. వరంగల్ అన్న పేరు ఇంగ్లిష్‌లో 8 బైట్లు, తెలుగులో 18. చాట్‌బాట్‌ల వెనక పనిచేసే భాషా నమూనాలు వాక్యాన్ని ముక్కలుగా కోసి చదువుతాయి. తెలుగు వాక్యానికి ఎక్కువ ముక్కలు పడతాయి, కాబట్టి అదే సమాధానానికి ఎక్కువ సమయం, ఎక్కువ ఖర్చు. కొత్త నమూనాల్లో ఈ తేడా తగ్గుతోంది. దానికంటే పెద్ద సమస్య, నమూనా నేర్చుకోవడానికి నెట్‌లో దొరికే తెలుగు పాఠ్యం తక్కువ కావడం. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఇది. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’, ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ4భారత్’ బృందం ఈ లోటు మీదే పనిచేస్తున్నాయి.

తెలుగు పరిస్థితే ఇలా ఉంటే గిరిజన భాషల మాట చెప్పనక్కర్లేదు. ములుగులో కోయ, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో గోండి, కొలామీ. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో రాతప్రతులు దొరికిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు ఫోన్‌లో కనపడే అవకాశం ఉంది. ఆ భాషలో మాట్లాడితే అర్థం చేసుకునే సాధనం రావడానికి అది మొదటి మెట్టు. మిగతా మెట్లకు వేల గంటల మాటలు రికార్డు చేయాలి, వాటిని రాసి పెట్టగల, ఆ భాష వచ్చిన మనుషులు కావాలి. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదంతో ములుగుకు మంజూరైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం చేయదగిన పనుల్లో ఇంతకు మించిన స్థానిక పని అరుదు.

ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లిష్

2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. ఆ మార్పు పిల్లలకు ఒక్కసారిగా భారం కాకుండా ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు అచ్చువేశారు. ఉద్దేశం మంచిది. అయితే ఒక పేజీలో ‘ఫోటోసింథసిస్’ అర్థం కాక పక్క పేజీ చూస్తే ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎదురవుతుంది. పిల్లకు రెండూ కొత్త మాటలే.

సంభాషించే ఏఐ బాగా పనికొచ్చే చోటు ఇదే కావచ్చు. ‘ఎండ తగిలితే ఆకు తన తిండి తనే ఎట్ల చేసుకుంటది?’ అని నోటితో అడిగితే, పిల్ల మాటల్లోనే మొదలుపెట్టి, మిర్చి తోటలో నీడ పడ్డ మొక్క ఎందుకు ఎదగదో చెప్పి, చివరికి పుస్తకంలోని మాట దగ్గరికి తీసుకురావచ్చు. పరీక్షలో రాయాల్సింది పుస్తకం మాటే కాబట్టి ఆ చివరి అడుగు తప్పనిసరి. ఇదే సాధనం తప్పు సంగతిని కూడా అంతే ధీమాగా చెప్పగలదన్నది మరవకూడదు. అందుకే రాష్ట్ర పాఠ్యపుస్తకాన్ని ఆధారంగా చేసుకొని, దాని పరిధిలోనే జవాబిచ్చేలా కట్టిన సాధనానికీ, నెట్‌లో ఏది దొరికితే అది వల్లించే సాధనానికీ తేడా చూడాలి.

జవాబు యంత్రమే ఇచ్చేస్తే

తుర్కియే (టర్కీ)లో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో గణితంలో ఒక ప్రయోగం జరిగింది, 2025లో అచ్చయింది. కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి జవాబు చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే బాట్ ఇచ్చారు. మిగతావాళ్లకు ఏదీ లేదు. సాధన చేసేటప్పుడు మామూలు బాట్ వాడిన వాళ్లు 48 శాతం, సూచనల బాట్ వాడిన వాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత ఏ సాయం లేకుండా పరీక్ష పెడితే, మామూలు బాట్ వాడిన వాళ్లు ఏదీ వాడని వాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల బాట్ వాళ్లకు ఆ నష్టం దాదాపుగా లేదు. కానీ పరీక్షలో వాళ్లకు లాభమూ రాలేదు. ఈ చివరి సంగతిని వార్తలు తరచూ వదిలేస్తాయి.

కారణం అంతుపట్టనిదేం కాదు. లెక్క దగ్గర ఇరుక్కుని, రెండు మూడు దారులు తొక్కి, తప్పు చేసి, మళ్లీ వెనక్కి వచ్చేటప్పుడే నేర్చుకోవడం జరుగుతుంది. ఆ ఇరుక్కుపోయిన ఐదు నిమిషాలను యంత్రం మింగేస్తే మిగిలేది అందమైన జవాబు మాత్రమే. జవాబు తిరిగొచ్చే దారిలో పిల్ల బదులు యంత్రమే నడిచొచ్చినట్టు. టీచర్‌కు అందిన నోట్‌బుక్కులో అన్నీ రైట్లే ఉంటాయి, పిల్ల ఎక్కడుందో ఇక ఎప్పటికీ తెలియదు.

తెలంగాణ బడుల్లో ఇది నేరుగా మార్కుల్లోకి వస్తుంది. ఎఫ్‌ఏల్లో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే జరిగే మూల్యాంకనాల్లో, ప్రాజెక్టు పనులకు, రాత పనులకు మార్కులు ఉంటాయి. ఇంతకుముందు గైడు చూసి రాసేవారు, లేదా జిరాక్స్ సెంటర్‌లో రెడీగా దొరికే ప్రింట్లు తెచ్చి అతికించేవారు. ముప్పై మందివీ ఒకేలా ఉండేవి కాబట్టి టీచర్‌కు ఇట్టే తెలిసిపోయేది. బాట్ రాసిచ్చేవి ఒకదానికొకటి పోలవు. యంత్రం రాసిందో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్లను నమ్మి పిల్లను దోషిని చేయడం ప్రమాదం, వాటి తీర్పు తరచూ తప్పుతుంది. ప్రాజెక్టు పని తీసుకునేటప్పుడు ‘ఈ పట్టికలో ఈ అంకె ఎక్కడిది?’ అని రెండు ప్రశ్నలు నోటితో అడగడం ఇంకా నమ్మదగిన దారి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డుల కంటే వైవాకు, అంటే నోటి పరీక్షకు, విలువ పెరగబోయేదీ ఇందుకే. బాట్‌తో కోడ్ రాయించుకున్న విద్యార్థి అందులో ఒక లైను తీసేస్తే ఏమవుతుందో చెప్పగలిగితే ఇబ్బంది లేదు.

ఎర్రర్ లిస్ట్ ఖరీదు

హన్మకొండ కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో వీకెండ్ టెస్ట్ అయ్యాక ‘ఎర్రర్ లిస్ట్’ రాయిస్తారు. ఏ ప్రశ్న తప్పింది, కాన్సెప్ట్ రాకనా, లెక్కలో పొరపాటా, తొందరపాటా అని పిల్లలే విడదీసి రాసుకోవాలి. లక్షల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులు అసలు కొనుక్కుంటున్నది పాఠం కాదు, పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఐఐటీలు, ఐఐఎస్సీ 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలు, 2017 నుంచి ‘స్వయం’ కోర్సులు ఎవరైనా చూడొచ్చు. తల్లిదండ్రులు కొంటున్నది వారం వారం తప్పులు లెక్కపెట్టి చెప్పే ఏర్పాటును. అందులో టెన్షన్ ఉంది, ర్యాంకుల ఒత్తిడి ఉంది, నిద్ర చాలని పిల్లలు ఉన్నారు. అయినా జవాబు తిరిగొచ్చే దారి అక్కడ పక్కాగా ఉందన్నది వాస్తవం.

పరకాల, జనగామ ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు ఆ ఎర్రర్ లిస్ట్‌ను ర్యాంకుల బెత్తం లేకుండా అందించగలగడమే కొత్త సాంకేతికత చేయగల అతి పెద్ద న్యాయం. చేతిరాతను ఫోటో తీస్తే చదివి, ఏ మెట్టు దగ్గర తప్పిందో చెప్పే సాధనాలు ఇప్పటికే వాడకంలోకి వస్తున్నాయి. కోచింగ్ సంస్థలు వాటిని ముందుగా కొంటాయి. ప్రభుత్వ కాలేజీలు ఆలస్యం చేస్తే ఇప్పుడున్న అంతరం ఇంకా పెరుగుతుంది.

గదిలో వాస్తవం

ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా చివరికి ఒక గదిలో నడవాలి. ఇరవై మంది పిల్లలు ఒకేసారి గట్టిగా చదువుతుంటే, పైన ఫ్యాను తిరుగుతుంటే, మైకు ఎవరి గొంతు పట్టుకోవాలి? హెడ్‌ఫోన్లు కావాలి. పిల్లల చేతుల్లో ముందు తెగేవి ఆ వైర్లే. ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోతే మార్చడానికి బడి ఖాతాలో డబ్బు ఉండాలి. కంప్యూటర్ గది తాళం హెచ్‌ఎం బీరువాలో భద్రంగా ఉన్న బళ్లు కొత్తేమీ కావు. పరికరం పాడైతే ఎవరు అడుగుతారోనన్న భయం వాడనివ్వదు.

కనెక్షన్ విషయంలో కొంత కదలిక ఉంది. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. అయినా నెట్ ఉంటేనే నడిచే సాధనం కంటే, పగలంతా నెట్ లేకుండా నడిచి సాయంత్రం సిగ్నల్ దొరికినప్పుడు వివరాలు పంపుకునే సాధనమే ఈ ప్రాంతానికి సరిపోతుంది. గురుకులాల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కాబట్టి అక్కడ ల్యాబే దిక్కు.

ఇళ్లల్లో పరిస్థితి వేరు. ‘అసర్’ 2024 సర్వే దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో 14-16 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడడం 82 శాతానికి వచ్చు. వాళ్లలో ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఫోన్ వాడడం వచ్చిన వారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. ‘ఇంటి దగ్గర యాప్‌లో సాధన చేయండి’ అని చెప్పినప్పుడు ఆ మాట అన్నకూ చెల్లెకూ ఒకేలా అందదు. అన్న ఫోన్ ఇచ్చే దాకా చెల్లె ఆగాలి. అందుకే బడి వేళల్లో, బడి పరికరం మీద జరిగే సాధనకే విధానంలో ముందు చోటు ఉండాలి.

పిల్లల తప్పులు ఎవరి దగ్గర ఉంటాయి?

జవాబు తిరిగొచ్చే దారిలో వచ్చేది మార్కులు మాత్రమే కాదు. ఏ పిల్ల ఏ లెక్క దగ్గర ఎంతసేపు ఆగింది, ఏ మాట పలకలేకపోయింది, గొంతు ఎలా ఉంది, ఇవన్నీ నమోదవుతాయి. మూడో తరగతిలో చేసిన తప్పుల చిట్టా ఇంటర్ అడ్మిషన్ నాటికి ఎవరి చేతికీ చిక్కకూడదు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడడానికి తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. పిల్లల నడవడిని వెంటాడి నమోదు చేయడాన్ని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడాన్ని చట్టం నిషేధించింది. అయితే విద్యాసంస్థలకు బోధన, భద్రత అవసరాల మేరకు నిబంధనల్లో మినహాయింపు ఉంది. మినహాయింపు బడికి ఉంది సరే, బడికి సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఆ వివరాలతో ఇంకో ఉత్పత్తి తయారు చేసుకోవచ్చా? దీనికి సమాధానం ఒప్పందంలోనే రాసి ఉండాలి. వివరాలు ఎక్కడ దాస్తారు, పిల్ల బడి వదిలాక ఎన్నాళ్లకు చెరిపేస్తారు, గొంతు రికార్డులు ఉంచుతారా అన్నవి టెండర్ దశలోనే అడగాల్సినవి. తండాలో వేలిముద్ర వేసే తల్లి దగ్గర తీసుకునే అనుమతికి అర్థం ఉండాలంటే, ఆ కాగితంలో ఉన్నది తనకు తెలిసిన భాషలో ఎవరైనా చదివి వినిపించాలి.

చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. ఈ లోపు బడులు సంతకం చేసే ఒప్పందాలు ఆ తర్వాత కూడా నడుస్తాయి. ఆ షరతులను ఇప్పుడే రాయించుకోవచ్చు, గడువు ముగిసేదాకా ఆగాల్సిన పనిలేదు.